గిజిగాడి మొదటి ముడి

మొదటి రోజు: రాజమండ్రి నుంచి అంబాజీపేట

"చేతుల్లేవు కదా టీచర్, మొదటి ముడి ఎలా వేస్తాడు?"

కిందటేడు ఏడో తరగతిలో ఒక పిల్ల అడిగిన ప్రశ్న ఇది. ఆ రోజు గూడు అల్లే పిట్ట గిజిగాడి మీద జాషువా గారి పద్యాలు చెబుతున్నాను. ఖమ్మంలో పదహారేళ్ళ నుంచి తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఆ పద్యాలు వచ్చినప్పుడల్లా బోర్డు మీద గూడు బొమ్మ గీస్తాను, రాగం తీసి చదువుతాను, పిల్లల చేత చదివిస్తాను. కానీ ఆ పిల్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. రాలిపడిన గూళ్ళు బోలెడు చూశాను. పిట్ట నేస్తుండగా దగ్గరుండి చూసింది మాత్రం లేదు.

గిజిగాడు గూడు కట్టేది వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నేను పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళేది వేసవి సెలవుల్లో. అప్పటికి తాటిచెట్లకు వేలాడేవన్నీ ఎండి బూడిదరంగుకు తిరిగిన పాత గూళ్ళే. అందుకే ఈసారి ఆగస్టులో సెలవు పెట్టి అయిదు రోజులకు బట్టలు సర్దుకున్నాను. బడిలో సైన్సు టీచరు దగ్గర బైనాక్యులర్స్ అరువు తెచ్చుకున్నాను.

రాజమండ్రిలో రైలు దిగేసరికి తమ్ముడు, పిన్ని కొడుకు, బండి వేసుకుని వచ్చి ఉన్నాడు. ధవళేశ్వరం బ్యారేజి మీద ఆగమన్నాను. గోదావరి ఎర్రగా, బరువుగా పోతోంది. నీటిమట్టం 11.75 అడుగులు దాటితే ఇక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది ముందురోజే తీసేశారట. "ఇంకా లంకల్లో నీళ్ళు తియ్యలేదక్కా" అన్నాడు తమ్ముడు. కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. ఆ నీళ్ళు కాలువలై, కాలువలు బోదెలై ఈ డెల్టా అంతా వరిచేలయింది. గిజిగాడికి కావలసింది సరిగ్గా ఇదే: తిండికి గింజ, అల్లడానికి పచ్చి ఆకు, గూటి కింద నీళ్ళు. ఆనకట్ట పుణ్యమా అని బాగుపడిన వాళ్ళను లెక్కపెట్టేటప్పుడు ఈ పిట్టను కూడా చేర్చాలనిపించింది.

జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగాం. ఊడ్పులు అయిపోయిన చేలు కొన్ని, ఇంకా ఆకుమళ్ళు తీస్తున్నవి కొన్ని. నేను చేల వంక కాక ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాను. కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని, తాళ్ళు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మా చిన్నప్పుడు గట్టుకు వరసగా ఉండేవి.

పిన్ని వాళ్ళ అరుగు మీద చూరుకు ధాన్యపు కుచ్చు వేలాడుతోంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలప్పుడు బాబాయిగారు వరి కంకులు ఎంచి తెచ్చి, గడ్డి తడిపి, జడలాగా అల్లి కడతారు. కింద కంకులన్నీ గొడుగులా విచ్చుకుంటాయి. పిచ్చుకల కోసం. ఆగస్టు వచ్చేసరికి సగం గింజలు లేవు, ఉత్త ఈనెలే మిగిలాయి. "ఊరపిచ్చుకలు తగ్గాయమ్మా, ఉన్నవాటికే పెడుతున్నాం" అన్నారాయన.

రెండో రోజు: బోదెగట్టు

తెల్లారి అయిదున్నరకే బాబాయిగారు, తమ్ముడు, నేను చేలోకి వెళ్ళాం. ఊరికి కిలోమీటరు దూరం. పంటబోదె గట్టు మీద మూడు తాళ్ళు, ఒక నల్లతుమ్మ. రెండు తాళ్ళకు కలిపి ఇరవయ్యారు గూళ్ళు లెక్కపెట్టాను. తుమ్మకు అయిదు. మూడో తాడికి ఒక్కటీ లేదు. ఎందుకో అర్థం కాలేదు.

ఒకటి మాత్రం అక్కడే తెలిసింది. గూళ్ళన్నీ చెట్టుకు తూర్పు వైపునే ఉన్నాయి. పడమటి కమ్మలు ఖాళీ. "పడమటి గాలి కదమ్మా, అటు కడితే ఊడ్చుకుపోద్ది" అన్నారు బాబాయిగారు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. నైరుతి రుతుపవనాల గాలికి చెట్టునే అడ్డం పెట్టుకుంటుందని పుస్తకాల్లో చదివాను. ఆయన పుస్తకం చదవకుండానే అదే చెప్పారు.

వెలుగు వచ్చింది. ఆ పసుపు చూడాలి. మగ గిజిగాడి నెత్తి మీద, రొమ్ము మీద ఉండే పసుపు సానమీద అరగదీసిన పసుపుకొమ్ము రంగు. ముఖానికి ముదురు గోధుమ ముసుగు, అందులోంచి దిట్టమైన నల్లటి ముక్కు. వీపు మీద గోధుమరంగు చారలు. మొత్తం పిట్ట పదిహేను సెంటీమీటర్లు, మన ఊరపిచ్చుకంతే. ఆడపిట్టను చూస్తే పిచ్చుకనే అనుకుంటాం. ఈ బంగారం మగవాడికి కూడా ఏడాది పొడుగునా ఉండదు. గూళ్ళ కాలం అయిపోయాక వాడూ మట్టిరంగు పిట్టే. చలికాలంలో గుంపుగా చేలమీద వాలినప్పుడు ఏది ఆడదో ఏది మగదో చెప్పడం కష్టం. బంగారు పిచ్చుక అని మనవాళ్ళు పిలిచేది ఈ మూడు నాలుగు నెలల మురిపాన్ని చూసే.

పాట సంగతి. శాస్త్రం ప్రకారం ఇది పాటపిట్టల వర్గంలోనిదే. కోయిలనూ నల్లంచినీ తలుచుకుని వచ్చినవాళ్ళకు మాత్రం ఇది పాటలా వినిపించదు. "చిట్ చిట్ చిట్" అని మొదలై చివర "చీఈఈ" అని సాగుతుంది, తడి ఆరని గిలక మీద తాడు లాగినట్టు. ఒక్కడు అంటే ఏమీ లేదు. అల్లంత దూరాన ఆడపిట్ట ఒకటి కనబడగానే ముప్ఫై మంది ఒక్కసారి అందుకుంటారు. ఎవడి గూటి కింద వాడు తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ, ఇటు రా ఇటు రా అని. చెట్టు చెట్టంతా ఊగుతున్నట్టుంటుంది. ఒళ్ళు పులకరించింది నాకు.

నేను చూడ్డానికి ఒకణ్ణి ఎంచుకున్నాను. బోదె మీదికి వాలిన కమ్మ చివర, ఉంగరం దాకా వచ్చిన గూడు. గిజిగాడి గూడు ఉంగరంతోనే మొదలవుతుంది. నిలువుగా ఒక చుట్టు, అందులో కూర్చుని రెండు పక్కలా అల్లుకుంటూ పోతాడు. ఒక పక్క బొడిపెలా ఉబ్బి గుడ్ల గది అవుతుంది, ఇంకో పక్క వాకిలి. తలకు పెట్టుకునే హెల్మెట్‌ను తాడుకట్టి వేలాడదీసినట్టు అయ్యే దాకా ఎనిమిది రోజులు. ఆ తర్వాత కిందికి పొడుగ్గా గొట్టం. మొత్తం పద్దెనిమిది రోజుల పని, అయిదువందల సార్లు పోచకోసం వెళ్ళిరావడం.

మావాడు రెండు గంటల్లో తొమ్మిదిసార్లు వెళ్ళాడు. ఆరోసారి బాబాయిగారి మడిలోనే, నాకు పది అడుగుల దూరంలో వాలాడు. ఊపిరి బిగబట్టాను. వరి ఆకు మొదట్లో అంచును ముక్కుతో చిన్నగా కొరికాడు, గాటు పెట్టినట్టు. ఆ గాటు దగ్గర అంచును పట్టుకుని పైకి ఎగిరాడు. సర్రుమని ఆకు నిలువునా చీలి, సన్నటి పచ్చటి పోగు వాడి ముక్కున వేలాడుతూ పోయింది. ముక్కుకు కత్తిపని పెట్టింది ఒక్క గాటు దగ్గరే, మిగతాది ఎగురుడే చీల్చింది. దిగి వెళ్ళి ఆ ఆకు చూశాను. అంచు పొడుగునా గీత గీసినట్టు తెగి ఉంది, తెగిన చోట లేత తడి. ఆ పోగు మూరెడు ఉంటుంది. తాటికమ్మనైనా అలాగే చీలుస్తాడు. ఎండు పోచ ముట్టడు, వంగదు కాబట్టి. ఈ వారం అల్లినది ఈ వారమే పచ్చగా ఉంటుంది, తర్వాత ఎండి బిగుస్తుంది.

తెచ్చిన పోగునంతా వెంటనే అల్లేస్తాడనుకున్నాను. కాదు. పక్క గూటివాడు కాచుకుని ఉంటాడు. మావాడు ఇంకో పోచకు వెళ్ళగానే ఆ పక్కవాడు వచ్చి, సగం దూర్చిన పోగు కొసను పట్టి లాక్కుపోయాడు! తిరిగొచ్చి చూసుకుని వాడు పెట్టిన గోల అంతా ఇంతా కాదు. అందుకే కాబోలు ప్రతి పోగునూ రెండు మూడు చోట్ల దూర్చి, చివర లోపలికి మడిచి, ముక్కుతో లాగి బిగువు చూసుకుని గానీ కదలడు.

"మీ ఆకులు చీల్చుకుపోతుంటే ఊరుకుంటారేం బాబాయ్?" అన్నాను.

"నాలుగాకులేగా, పోతే పోనీ. కంకి పాలుపోసుకునేటప్పుడు గుంపుగా వాలితే మటుకు డబ్బా కొడతాం. పిల్లలున్నన్నాళ్ళూ మిడతల్నీ పురుగుల్నీ ఏరుకుపోతాయి, అదీ చూడాలి కదా."

ఆయన వేసింది స్వర్ణ, ఇక్కడికి దగ్గర్లోని మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన రకం. పంటకాలం ఎక్కువ, ఆకు చాలాకాలం పచ్చగా ఉంటుంది. గిజిగాడికి అంతకన్నా ఏం కావాలి!

తొమ్మిదింటికి ఒక ఆడపిట్ట వచ్చింది. గొడవ మొదలైంది. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా, హెల్మెట్ దశ దాకా వచ్చిన ఒక గూటిలోకి దూరి, లోపల పోగులు లాగి చూసి, ఒక్క నిమిషంలో బయటికొచ్చి వెళ్ళిపోయింది. మగవాడు రెక్కలాడించడం ఆపి ఊరికే కూర్చున్నాడు. ఆ దశలోనే ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే లోపల తాను మెత్త వేసుకుంటుంది, వాడు గొట్టం పూర్తిచేస్తాడు. నచ్చకపోతే ఆ గూడు అంతటితో సరి. చెట్టుకు కనిపించే సగం గూళ్ళన్నీ అవే. నేను మొదట అవి గాలికి తెగినవనుకున్నాను. ఆడపిట్ట నేతకన్నా చోటుకే ఎక్కువ విలువిస్తుందని, ఎత్తు, కొమ్మ తీరు చూస్తుందని పరిశోధనల్లో తేలింది. అప్పుడు ఆ మూడో తాడి వైపు మళ్ళీ చూశాను. దాని కింద బోదె లేదు, ఎవరైనా సులువుగా దగ్గరికి రాగల మెరక. బహుశా అదే కారణం.

ఒక ఆడపిట్ట గుడ్ల మీద కూర్చోగానే మగవాడు పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తాడు. ఈ సంగతి లోకానికి చెప్పింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. 1930లో బొంబాయి దగ్గర కిహీంలో, ఉద్యోగం లేని రోజుల్లో, ఒక గూళ్ళ గుంపు ముందు నెలల తరబడి కూర్చుని చూశాడాయన. నేను కూర్చున్నది ఒక్క పూట. నడుం పట్టేసింది. ఆయన ఓపికకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కానీ మొదటి ముడి కనబడలేదు. అందరూ అప్పటికే అల్లికలో ఉన్నవాళ్ళే.

రాత్రి అరుగు మీద కబుర్లు. చీకట్లో గిజిగాడు మిణుగురులను తెచ్చి గూట్లో బంకమట్టికి అతికించి దీపం పెట్టుకుంటాడని బాబాయిగారు చెప్పారు. వాళ్ళ తాతగారు చెప్పారట. పిన్ని కోతి కథ చెప్పింది: వానలో తడుస్తున్న కోతిని చూసి, నీకు చేతులున్నాయి కదా ఇల్లు కట్టుకోరాదా అని గిజిగాడు సలహా ఇస్తే, కోతి కోపమొచ్చి గూడు పీకిపారేసింది. మా అమ్మ కూడా ఇదే గొంతుతో ఈ కథ చెప్పేది. నేను అక్బరు కాలం సంగతి చెప్పాను. అయిన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ ఈ పిట్టను పొగిడాడు, చెప్పిన మాట వింటుందని, చేతిలోంచి చిన్న నాణెం తీసుకుని యజమానికి తెచ్చి ఇస్తుందని, గూడు ఎంత నేర్పరి అయినా కట్టలేడని. ఆ తర్వాత కూడా చాలాకాలం వీధుల్లో దీనితో ఆటలాడించి డబ్బులడుక్కునేవారు. ఇప్పుడు పట్టడమూ పెంచడమూ నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. "నాణెం తెచ్చే పిట్టను పంజరంలో పెడితే ఇక గూడు ఎవరు కడతారే?" అంది పిన్ని.

మూడో రోజు: వాన, బండారులంక

పొద్దున్నుంచీ ముసురు. చేలోకి వెళ్ళే దారి లేదు. పదింటికి కాస్త తెరిపిస్తే తమ్ముడు బండారులంక వెళ్దామన్నాడు, పిన్నికి చీర తేవాలి.

దారిలో మురుగుకాలువ గట్టు వెడల్పు చేస్తున్నారు. రెండు తాళ్ళు పడగొట్టి గట్టు మీద పడేసి ఉన్నాయి. నరికి ఒకరోజు అయివుంటుంది. కమ్మలింకా పచ్చగా ఉన్నాయి, వాటికి గూళ్ళూ ఉన్నాయి, కొన్ని బురదలో, కొన్ని కమ్మ కింద నలిగి. పైన నాలుగైదు పసుపు పిట్టలు చుట్టూ తిరుగుతున్నాయి, ఇంతకుముందు చెట్టు ఉన్నంత ఎత్తులో, అక్కడ ఏమీ లేని చోట. ఒక గూడు ఎత్తి చూశాను. లోపల రెండు తెల్లటి గుడ్లు పగిలి ఉన్నాయి. గట్టు పని ఆగస్టులోనే చేయాలా? నెలన్నర ఆగితే పిల్లలు ఎగిరిపోయేవి. గుడ్డు పొదగడానికి పద్నాలుగు నుంచి పదిహేడు రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో పదిహేడు రోజులు. వరద కాలంలో గట్టు పని ఆగదనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ చెట్లు గట్టుకు లోపలి వైపు ఉన్నాయి, అటు మట్టి వేయనే లేదు. ఎవరినీ ఏమీ అనలేకపోయాను. అడగడానికి అక్కడ ఎవరూ లేరు కూడా.

ఆ గూడు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తెచ్చాను. బండారులంకలో మేము వెళ్ళిన ఇంట్లో గుంటమగ్గం మీద ఒక పెద్దాయన నేస్తున్నారు. నా సంచి చూసి, "అదేంటమ్మా" అన్నారు. తీసి ఇచ్చాను. మగ్గం ఆపేసి, కళ్ళజోడు పైకెత్తుకుని, వెలుతురుకు పెట్టి చాలాసేపు తిప్పితిప్పి చూశారు.

"దీన్ని నేత అనకూడదమ్మా. నేతంటే పడుగూ పేకా ఉండాలి. ఇందులో పడుగేది? ఏ పోగుకాపోగు దాని దారిన వచ్చింది. ఇది అల్లిక. బుట్టలల్లేవాళ్ళ పని."

గోరుతో ఒక పోగును పట్టుకుని కొస ఎక్కడ తేలుతుందో వెతికారు. ఒక పక్క లోపలికి పోయి, మూడు పోగుల కిందనుంచి వచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి తన కిందే తను దూరింది. "ఇదుగో, ఇక్కడ ముడి. లాగితే బిగుస్తది గానీ ఊడదు. పోగు తెగితే మేమూ అతుకేస్తాం గానీ, మాకు పదివేళ్ళున్నాయి."

ఈ మాట విని నా తరగతిలో పిల్ల గుర్తొచ్చింది.

గూడు నేనూ దగ్గరగా చూశాను. పైన మెడ భాగం, అంటే కమ్మకు చుట్టిన చోటు, అన్నిటికన్నా గట్టిగా ఉంది. రెండు చేతులతో లాగినా కదల్లేదు. గొట్టం మటుకు వదులు, అవతలి వెలుతురు కనిపించేంత. గుడ్ల గదిలోకి పిల్లి చెయ్యి పెట్టాలన్నా పాము దూరాలన్నా ఈ వదులు గొట్టం పట్టుకుని తలకిందులుగా పాకాలి, అది ఊగుతుంటుంది, కింద నీళ్ళు. గది గోడకు లోపలివైపు ఎండిన మట్టి పెళ్ళలు నాలుగు అతికి ఉన్నాయి. మిణుగురు ఒక్కటీ లేదు. గూటి దగ్గర దాకా వచ్చి ఆ మట్టిని చూసిన వాళ్ళెవరో మిణుగురు కథ కట్టి ఉంటారు, మట్టి నిజం కాబట్టి కథ నిలబడింది. గాలికి మరీ ఊగిపోకుండా బరువు కోసం పెడతాడన్న అభిప్రాయం ఒకటి ఉంది.

చీర కొన్నాం. మళ్ళీ వాన పట్టుకుంది.

నాలుగో రోజు: వైనతేయ నుంచి వశిష్ఠ దాకా

వాన వెలిసింది. తమ్ముడికి అంతర్వేదిలో మొక్కు ఉంది. నాకు దారిపొడుగునా చెట్లు చూడాలని ఉంది.

పి.గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మగారి పేరున్న అక్విడక్ట్ మీద ఆగాం. కింద వైనతేయ పారుతుంటే పైన తొట్టిలో కాలువ నీళ్ళు అవతలి గట్టుకు పోతాయి. ఆకలన్న వాళ్ళకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి పేరు, అవతలి చేలకు నీళ్ళు మోసే కట్టడానికి పెట్టారు. ఇంతకన్నా తగిన పేరు ఇంకోటి ఉండదు.

రాజోలు దాటాక చేలు పోయి చెరువులు మొదలయ్యాయి. చేపలవి కొన్ని, రొయ్యలవి కొన్ని. గట్లు శుభ్రంగా, బోడిగా ఉన్నాయి. ఆకు రాలితే నీళ్ళు పాడవుతాయని, చెట్టు ఉంటే చేపలు తినే పిట్టలు వాలతాయని చెట్లు ఉంచరు. అక్కడ నాలుగు కిలోమీటర్లలో గిజిగాడి గూడు ఒక్కటి లేదు. కానీ ఒక పాత చెరువు వదిలేసి ఉంది, జమ్ము మొలిచింది. బండి ఆపించాను. జమ్ము ఆకుల మధ్య, నీటికి మనిషెత్తు కూడా లేని చోట, పొట్టి గొట్టాల గూళ్ళు. అదే చారల గిజిగాడు. నెత్తి పసుపే, రొమ్ము మీద మాత్రం నల్లటి చారలు. మన దేశంలో గిజిగాళ్ళు నాలుగు రకాలు. ఇవి రెండూ, నల్లరొమ్ముది, హిమాలయాల కింది తరాయి గడ్డిభూముల్లో ఉండే ఫిన్ గిజిగాడు. మిగతా బంధుగణమంతా ఎక్కువగా ఆఫ్రికాలోనే.

ఆ గట్టు మీదే రెల్లులో ఇంకో అదృష్టం పట్టింది. ఎర్ర జీనువాయి! బొటనవేలంత పిట్ట, కుంకుమలో ముంచి తీసి తెల్ల ముత్యాలు చల్లినట్టుంటుంది. ఒకప్పుడు అహమ్మదాబాదు నుంచి వేలకొద్దీ పంజరాల్లో విదేశాలకు పోయేవి. ఆ ఊరి పేరే నోరు తిరగక ఇంగ్లీషువాళ్ళకు 'అవడవాట్' అయి, దాని పేరుగా నిలిచిపోయింది. గిజిగాడి శాస్త్రీయ నామానిదీ ఇలాంటి కథే. 1766లో లిన్నేయస్ పెట్టిన పేరులో ఫిలిప్పీన్స్ ఉంది, పిట్ట మాత్రం ఆ దేశానిది కాదు. పిట్టను ఏ ఊళ్ళో కొన్నారో, ఏ ఓడలో వచ్చిందో దాన్నిబట్టి పేర్లు పెట్టిన రోజులవి. మన పేరు చూడండి, గిజిగాడు. ఊరూ లేదు, ఓడా లేదు, మన ఇంటి పిల్లాణ్ణి పిలిచినట్టు 'గాడు' చేర్చి పిలుచుకున్నాం.

అంతర్వేదిలో మొక్కు తీర్చుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దిగాం. వరద నీటికి పంటు కాస్త ఒరుగుతూ పోయింది. ఆటోలు, మోటారు సైకిళ్ళు, మేకలు, పులస బుట్ట పెట్టుకున్న ఒకావిడ. నరసాపురంలో లేసు అల్లే ఇళ్ళు చూశాం. ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకావిడ గడప మీద కూర్చుని నాతో మాట్లాడుతూనే, చేతి వంక చూడకుండానే, సూదికొక్కెంతో ఉచ్చులోంచి ఉచ్చు లాగుతోంది. "మొదటి ఉచ్చు పడితే చాలండీ, ఆ పైన చెయ్యే పోతది" అంది. చించినాడ వంతెన మీదుగా ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది.

అయిదో రోజు: మళ్ళీ బోదెగట్టు

సాయంత్రం రాజమండ్రిలో రైలు. పొద్దున్న అయిదున్నరకు ఒక్కదాన్నే చేలోకి నడిచాను.

నా గిజిగాడి ఉంగరం ఇప్పుడు హెల్మెట్ అయింది. అటూ ఇటూ రెండు బొడిపెలు, మధ్యలో ఆడపిట్ట కూర్చోవడానికి అడ్డం పట్టీ. నిన్నటి పోగులు పచ్చగా, మొన్నటివి పసుపుతేలి, రంగులు చూస్తే ఏ రోజు ఎంత అల్లాడో చెప్పేయొచ్చు. ఏడింటికి ఆడపిట్ట వచ్చింది. నాకు గుండె దడదడలాడింది. దూరింది. పోగులు లాగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. బయటికి రాలేదు. వాడు బయట పట్టు వదలకుండా వేలాడుతున్నాడు, రెక్కలు ఆపేసి. కొంతసేపటికి ఆమె వెళ్ళి, ముక్కున ఏదో మెత్తటిది పట్టుకుని తిరిగొచ్చింది, మళ్ళీ అదే గూట్లోకి. వాడు ఇక ఒక్క క్షణం ఆగలేదు, చేల మీదికి ఎగిరిపోయాడు, పోచకోసం.

లేవబోతుంటే పక్క కమ్మ మీద ఇంకొకడు కనబడ్డాడు. వాడి గూడు గొట్టంతో సహా పూర్తయి ఉంది, అందులోకి ఆడపిట్ట రాకపోకలు మూడు రోజుల క్రితమే చూశాను. ఇప్పుడు వాడు ఆ గూటికి మూరెడు దూరంలో, ఇంకో తాటాకు రెబ్బ కొసన, ముక్కున పచ్చటి పోగుతో వాలాడు. ఆ రెబ్బ మీద ఏమీ లేదు, బోడిగా ఉంది.

బైనాక్యులర్స్ ఎత్తాను. చేతులు వణుకుతుంటే మోచేతులు మోకాళ్ళకు ఆనించుకున్నాను.

పోగు ఒక కొసను రెబ్బకు అదిమి, దాని మీద కాలు వేసి తొక్కి పట్టాడు. రెండో కొసను ముక్కుతో రెబ్బ కిందినుంచి అవతలికి తోశాడు. తల అటు వంచి, అవతలి వైపునుంచి అందుకుని ఇటు లాగాడు. ఒక చుట్టు. మళ్ళీ తోశాడు, మళ్ళీ అందుకున్నాడు. రెండో చుట్టు. ఇప్పుడు కొసను తను తొక్కిపట్టిన పోగు కిందికే, కాలివేళ్ళ పక్కనుంచి, సూది దూర్చినట్టు దూర్చాడు. అటువైపు వచ్చిన కొసను పట్టి తల వెనక్కి లాగాడు. ఒకసారి, రెండుసార్లు. అప్పుడు కాలు తీశాడు.

పోగు జారలేదు. గాలికి కొస ఒకటి ఆడుతోంది. వాడు దాన్ని ఒకసారి చూసుకుని వరిమడి మీదికి దిగాడు.